ముక్కు ఇవ్వాలా, చెయ్యి ఇవ్వాలా

ఆ ఏడాది మా ఇంట్లో అందరికంటే ఎక్కువ మర్యాద పొందింది మావాడి ముక్కు. సోమవారం వచ్చిందంటే దాన్ని చూడడానికి తెల్ల గౌను వేసుకుని, చేతులకు తొడుగులు తొడుక్కుని ఒక మనిషి ప్రత్యేకంగా రేవు గేటు దగ్గరకు వచ్చేవాడు. యాభై నిండబోతున్న నా కొడుకు ఆయన ముందు కుర్చీలో కూర్చుని తల వెనక్కి వాల్చేవాడు. పెళ్లిచూపుల్లో కూడా వాడి మొహాన్ని ఎవరూ అంత శ్రద్ధగా చూడలేదు.

ఇదంతా గేటుకు అంటించిన నోటీసు పుణ్యం. కరోనా రెండోసారి వచ్చి వెళ్లాక, ఖిదిర్‌పూర్ రేవులో సరుకు దింపించే కంపెనీవాళ్లు కొత్త ధర్మం పెట్టారు. లోపలికి పోవాలంటే టీకా వేయించుకున్న కాగితం చూపించాలి. ఒక్క సూది అయినా పరవాలేదు, రెండోది దాని వేళకు వేయించుకోవచ్చు. ఆ కాగితం లేనివాళ్లు వారం వారం ముక్కు పరీక్ష చేయించుకోవాలి. చెయ్యి ఇస్తావా, ముక్కు ఇస్తావా అని అడిగారన్నమాట. బుద్ధి ఉన్నవాళ్లంతా చెయ్యి ఇచ్చి వచ్చారు. రెండు పోట్లతో వదిలిపోయే పనికి మావాడు ప్రతి సోమవారం ముక్కు అప్పగించడానికి ఒప్పుకున్నాడు. నేను చదివింది మూడో తరగతి. అయినా ఇందులో ఏది లాభమో నాకు తెలిసింది.

మాది శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు ఊరు. పెళ్లైన కొత్తలో హౌరాలో రైలు దిగి, రేవు పక్కనున్న ఈ క్వార్టర్లలోకి వచ్చాను. ఇప్పటికీ ఈ గదిలోనే ఉన్నాను. మా ఆయన ఓడల్లోంచి బస్తాలు దింపే గ్యాంగులో పనిచేశాడు. ఆయన పోయాక ఆ చోటు కొడుక్కి వచ్చింది, చోటుతోపాటు గది కూడా. గ్యాంగంటే తెలియనివాళ్లకు చెబుతాను. ఓడ కడుపులోకి దిగి బస్తాలను తాళ్ల వలలో పేర్చేవాళ్లు కొందరు. పైన నిలబడి క్రేనువాడికి చేత్తో సైగలు చేసేవాడొకడు. మావాడి పని అదే. ఒడ్డున వల విప్పేవాళ్లు కొందరు. అందరి మీదా ఒక సర్దార్. ఇందులో ఒక్క మనిషి తగ్గినా ఆ పూట ఆ గ్యాంగుకు ఓడ ఇవ్వరు. అందరూ మూటాముల్లే సర్దుకుని ఇంటికి పోవలసిందే. అందుకే రేవులో ఎవడికైనా జ్వరం వస్తే పెళ్లాం కంటే ముందు గ్యాంగే పలకరిస్తుంది. ప్రేమకు తక్కువేం లేదు.

నోటీసు పడ్డ రోజే వాణ్ణి అడిగాను.

“ఏటిరా, సూదంటే బయమేటి?”

“నాకు బయమేటి? పరీచ్చ ఉన్నాది గదా. జబ్బు నేదని తెలిస్తే సాలదేటి?”

“పరీచ్చ జబ్బు వచ్చినాదో నేదో సెప్తాది. రాకుండా ఆపుతాదేటి?”

“సూదేసుకున్నోల్లకీ వస్తంది గదే అమ్మా.”

“గొడుగేసుకున్నోల్లూ తడుస్తారు. అలగని నువ్వు గొడుగు గంగలో పారేసినావేటి?”

పొయ్యి దగ్గరున్న కోడలు వెనక్కి తిరగకుండానే అంది. “ఆయన్ని ఒగ్గేయ్ అత్తా. తలమీంచి క్రేను కొక్కెం పోతన్నా బెదరడు గానీ, నాను బొంత కుట్టడానికి సూది తీస్తే మాత్రం ఈదిలోకి ఎల్లిపోతాడు.”

మావాడు వెంటనే వీధిలోకి వెళ్లిపోయాడు.

నాకు మాత్రం అప్పటికే రెండు సూదులూ అయిపోయాయి. ఊరికే ఇచ్చేదాన్ని వదులుకునే అలవాటు నాకు లేదు. ఆ రోజు ఆసుపత్రిలో ముందుగా జబ్బ మీదున్న నా పాత మచ్చ చూపించాను. చిన్నప్పుడు మశూచికి వేసిన టీకా అది, గుండ్రంగా, రూపాయి బిళ్లంత ఉంటుంది. ఒకసారి వేశాక జన్మంతా చెల్లాలి గదా అనుకున్నాను. నర్సు పిల్ల నవ్వి, ఇక్కడివాళ్లు పిన్నిగారూ అన్నట్టు, “మాషీమా, అది వేరే జబ్బుది” అంది. సరే, జబ్బులకు కూడా రేషన్ కార్డుల్లా వేరు వేరు అని అప్పుడు తెలిసింది.

ఇలా కొన్ని సోమవారాలు మావాడి ముక్కు పరువుగా నెగ్గుకొచ్చింది. ఆ పరీక్ష బిళ్ల మీద ఒక గీత వస్తే జబ్బు లేనట్టు, రెండు గీతలు వస్తే ఉన్నట్టు. ఒక గీత వచ్చిన ప్రతిసారీ ఇంటికొచ్చి మెట్రిక్ పాసైనవాడిలా చెప్పేవాడు.

చివరికి ఒక ఆదివారం వాడికి జలుబు చేసింది. ఫ్యాను కింద తడి తలతో పడుకుంటే జలుబు కాక ఇంకేం చేస్తుంది? కానీ రేపు బిళ్ల మీద రెండు గీతలు వస్తాయేమోనని వాడికి గుబులు పట్టుకుంది. ఈ ఊళ్లో జలుబుకు తిరుగులేని మందు ఒకటుంది, ఆవనూనె. బెంగాలీవాళ్లు దానితో చేపలు వేయిస్తారు, పసిపిల్లలకు ఒళ్లు రుద్దుతారు, పడిశం పడితే ముక్కుల్లో వేసుకుంటారు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ ఘాటుకు నేను కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. తర్వాత అది మెల్లగా మా చేపల పులుసులోకి వచ్చింది, ఆ తర్వాత మోకాళ్ల మీదికి వచ్చింది. ఇక మిగిలింది ముక్కే.

సోమవారం పొద్దున్న చూస్తే సీసాలో నూనె దిగిపోయి ఉంది. అన్నం గిన్నె మాత్రం గడప దగ్గరే ఉంది. అంత హడావిడిలో మర్చిపోయి వెళ్లిపోయాడు. గిన్నె పట్టుకుని నేనే గేటుకు బయలుదేరాను.

నేను వెళ్లేసరికి మావాడు కుర్చీలో ఉన్నాడు. గ్యాంగంతా గేటు అవతల నిలబడి వీడి కోసం చూస్తోంది. తెల్ల గౌనాయన పుల్ల ముక్కులో పెట్టి తిప్పి, నీళ్లలో కలిపి, బిళ్ల మీద చుక్కలు వేశాడు. వేసి చూస్తూ కూర్చున్నాడు. అందరం చూస్తూ నిలబడ్డాం. ఒక గీత రాలేదు, రెండు గీతలూ రాలేదు. బిళ్ల తెల్లగా, కడిగిన పళ్లెంలా ఉండిపోయింది. ఇంకో బిళ్ల తీసి మళ్లీ వేశాడు. అదీ అంతే.

ఆయన పుల్లను వాసన చూసి, బెంగాలీలో అడిగాడు. “దాదా, నేను ఇందులో రోగం వెతకాలా, చేప వేయించాలా?”

గేటు అవతల గొల్లున నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు లేదు. తేల్చకుండా లోపలికి పంపడానికి వీల్లేదు, ముక్కు కడుక్కుని రేపు రమ్మన్నారు. ఒక మనిషి తగ్గాడు కాబట్టి ఆ రోజు గ్యాంగుకు ఓడ లేదు. గ్యాంగు మొత్తం మావాడి పక్కనుంచి నడిచి వెళ్లింది. ఎవరూ వాడి మొహం చూడలేదు, అందరూ ముక్కే చూశారు. నేను అన్నం గిన్నె తిప్పి ఇంటికి తీసుకొచ్చాను. అన్నం ఏం పాపం చేసింది?

సాయంత్రం సర్దార్ వచ్చాడు. మావైపు మనిషే, వరసకు నన్ను పిన్నీ అంటాడు. గడప లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడంటే మాట మంచిది కాదని అర్థమైంది.

“పిన్నీ, ఇంక నా సేతిలో నేదు. వచ్చీ సోమారం నాటికి ఆడు సూది కాయితం తేవాల. నేకపోతే ఆడి సోటులో ఇంకొకల్లు దిగుతారు. గ్యాంగోల్లు గోల పెడతన్నారు.”

“ఆ ఇంకొకల్లు మీ బామ్మర్దేనేటి బావూ?”

సర్దార్ గొంతు సవరించుకున్నాడు. “ఆడికి రెండు సూదులూ అయిపోనాయి పిన్నీ.”

ఆ సంగతి ఖిదిర్‌పూర్ అంతటికీ తెలుసు. ఆ బామ్మర్ది తన టీకా కాగితానికి ప్లాస్టిక్ వేయించి, తాడు కట్టి మెడలో తగిలించుకు తిరిగేవాడు. మంగళసూత్రాన్ని కూడా ఆడవాళ్లు కొంగు కింద దాచుకుంటారు, వాడు కాగితాన్ని చొక్కా పైకి వేసేవాడు.

“సూదులు సరే బావూ. బస్తా ఎప్పుడన్నా ఎత్తినాడేటి? పెల్లి బోయినాల కాడ ఇస్తరాకు తప్ప ఆడు ఇంకోటి ఎత్తగా నాను సూడనేదు.”

సర్దార్ నవ్వు ఆపుకున్నాడు గానీ మాట వెనక్కి తీసుకోలేదు. “సోమారం, పిన్నీ,” అని వెళ్లిపోయాడు.

రేవులో చోటు ఒకసారి పోతే తిరిగి రాదు. ఆ వయసువాణ్ణి ఇంకో గ్యాంగు తీసుకోదు. చోటు పోతే గది కూడా ఖాళీ చెయ్యాలి. మా ఆయన పీనుగ లేచింది ఆ గదిలోంచే, కోడలు లోపలికి కాలు పెట్టింది ఆ గదిలోకే. సూదికి భయపడి దాన్నంతా సర్దార్ బామ్మర్దికి ధారపోసేటట్టున్నాడు నా కొడుకు. దానకర్ణుడు.

మర్నాడు కడుక్కున్న ముక్కుకు ఒక గీతే వచ్చింది గానీ, సోమవారం గడువు మాత్రం మారలేదు. ఆదివారం పేటలోని క్లబ్బులో టీకాలు వేస్తున్నారని తెలిసింది. దసరా పూజల్లో అమ్మవారిని నిలబెట్టే చోటే అది. కుర్చీలు వేశారు, క్యారంబోర్డును బల్లగా మార్చి దాని మీద సూదులు పెట్టారు. మావాణ్ణి తీసుకెళ్లి వరసలో నిలబెట్టాను. ఏడడుగుల దూరంలో టీ కొట్టు ఉండడం వాడి కంట పడింది.

“ఒక్క టీ తాగి వచ్చేత్తానే అమ్మా.”

“ఏయించుకున్నాక తాగు. ఇప్పుడు తాగితే ఆ బయానికి అరగదు. టీ దండగ.”

ముందున్న ముసలాయన వెనక్కి తిరిగి చూశాడు. మావాడు తల దించుకుని, నాకు మాత్రమే వినబడేటట్టు అన్నాడు.

“నీకు గేపకం ఉన్నాదేటి? నా సిన్నప్పుడు మన క్వాటర్లలోకి టీకాలోడు వచ్చినాడు. నువ్వు నన్ను కాల్ల మద్దిన అదిమి పట్టుకున్నావు. ఆడు మరమేకులాటిది నా జబ్బకి పెట్టి తిప్పినాడు. నానెంత అరిసినా నువ్వు ఒగ్గనేదు.”

జ్ఞాపకం లేకేం? నా మోకాలు కొరికాడు, మానడానికి నెల పట్టింది. “అప్పుడు ఒగ్గనేదు కాబట్టే ఈయేల ఈ వరసలో నిలబడి నన్ను తప్పు పడతన్నావు” అన్నాను.

నాకు నవ్వొచ్చింది. కొక్కెం కింద నిలబడి టన్నుల బరువును చేత్తో ఆడించే మనిషి, ఎప్పటిదో నా కాళ్ల మధ్య పట్టును ఇప్పటిదాకా మోస్తున్నాడు. ఉత్త పిరికితనం అనుకున్నాను ఇన్నాళ్లూ. తర్వాత అంత నవ్వు రాలేదు.

వాడి వంతు వచ్చింది. రెండడుగులు వేసి ఆగాడు.

“అమ్మా, నువ్వు కూడా రా.”

“మల్లీ పట్టుకోవాలేటి?”

“పట్టుకోకు. ఊరికే నిలబడు.”

వెళ్లి నిలబడ్డాను. వాడికి కనబడేటట్టు రెండు చేతులూ సంచీ మీద పెట్టుకున్నాను. నర్సు చొక్కా చెయ్యి పైకి మడిచింది. నా మచ్చలాంటిదే గుండ్రటి మచ్చ, దాని పక్కనే సూది దింపింది. వాడు ఆ మచ్చ వైపు చూడలేదు, సూది వైపూ చూడలేదు. నా చేతుల్నే చూస్తూ కూర్చున్నాడు. అయిపోయిందని నర్సు మూడుసార్లు చెప్పాక లేచాడు. క్లబ్బువాళ్లు అందరికీ బిస్కెట్ పొట్లం ఇచ్చారు. మావాడిది నా సంచీలో వేసుకున్నాను. ధైర్యవంతులకు బిస్కెట్లెందుకు?

సోమవారం మావాడు కాగితం చూపించి గేటు దాటాడు. సర్దార్ బామ్మర్ది ముందుగానే వచ్చి, కొత్త బూట్లు వేసుకుని గేటు పక్కన నిలబడి ఉన్నాడట. మధ్యాహ్నం దాకా నిలబడి వెళ్లిపోయాడట. బూట్లు మాత్రం గట్టివని మావాడు చెప్పాడు.

కథ ఇక్కడ ఆగితే కంపెనీవాళ్లు కంపెనీవాళ్లెందుకవుతారు? చలికాలంలో కరోనా మూడోసారి వచ్చింది. పాత నోటీసు మీద కొత్త నోటీసు అంటించారు. సూది వేయించుకున్నా, వేయించుకోకపోయినా అందరూ ముక్కు పరీక్ష చేయించుకోవాలట. చెయ్యి ఇచ్చినవాళ్లు ఇప్పుడు ముక్కు కూడా ఇవ్వాలి.

ఆ రోజు నేను కావాలనే అన్నం గిన్నె తీసుకుని వెళ్లాను. గ్యాంగంతా వరసలో ఉంది. మావాడి ముక్కును చూసి నవ్విన మొనగాళ్లు ఒకరి వెనక ఒకరు దాక్కుంటున్నారు. ఆ రేవులో పుల్లకు అలవాటు పడ్డ ముక్కు ఒక్కటే ఉంది. మావాడు కుర్చీ పక్కన నిలబడి, ఓడ మీద సైగలు చేసినట్టే చేత్తో చూపిస్తూ చెబుతున్నాడు. “తల ఇలగ వాల్చు. ఊపిరి బిగబట్టకు. కల్లు మూసుకోకు, అదుగో ఆ కొక్కెం ఏపు సూడు.” తెల్ల గౌనాయన వాణ్ణి గుర్తుపట్టి, “దాదా, ఇవాళ వంట లేదా?” అని అడిగాడు.

అందరికంటే చివర సర్దార్ ఉన్నాడు. తన వంతు దగ్గరపడే కొద్దీ వెనకవాళ్లు లేకపోయినా వెనక్కి జరుగుతున్నాడు. చివరికి మావాడి చెవి దగ్గరకు వంగాడు.

“తమ్ముడూ, నొప్పెడతాదేటి?”

“కల్లంట నీల్లొస్తాయన్నా. అంతే.”

సర్దార్ అటూ ఇటూ చూసి గొంతు ఇంకా తగ్గించాడు. “పోనీ, రవ్వంత ఆవనూనె రాసుకుంటే?”

మావాడు నా వైపు చూశాడు.

“రాసుకో బావూ,” అన్నాను. “మీ బామ్మర్ది కాలీగానే ఉన్నాడు గదా.”