పక్షం మార్చే ప్రభువు

2020. కరోనా వచ్చి జర్మనీలో, జార్‌బ్రూకెన్‌లోని మా చిన్న వీడియో గేమ్ కంపెనీ మొత్తం ఇళ్లకు చేరిపోయింది. నేను అందులో టెస్టర్‌ని. గేమ్ విడుదలకు ముందే ఆడి, తప్పులు పట్టడం నా పని. వినడానికి సరదాగానే ఉంటుంది. ఒకే కోటను నెలల తరబడి ముట్టడిస్తే తెలుస్తుంది సరదా.

అప్పటి గేమ్ మధ్యయుగాల స్కాట్లాండ్ స్వాతంత్ర్య యుద్ధాల మీద. అందులో ఒక స్కాట్ ప్రభువు ఇంగ్లండ్ రాజుకు విధేయుడినని ప్రమాణం చేస్తాడు. కొన్నాళ్లకే తిరుగుబాటుదారుల్లో కలుస్తాడు. మళ్లీ వెళ్లి రాజు కాళ్లు పట్టుకుంటాడు. టెస్టర్లందరం దాన్ని ‘బ్లాకర్’ అని రాశాం. అంటే ఆ తప్పు సరిచేయనిదే గేమ్ బయటికి వెళ్లదు.

ఆ ప్రభువు నడవడికను ప్రోగ్రామ్ చేసింది రవళి. కరీంనగర్ అమ్మాయి. బ్లూ కార్డ్ అనే ఉద్యోగ వీసా మీద వచ్చి ఇంకా ప్రోబెట్సైట్‌లో ఉంది. ఆ పరీక్షా కాలంలో కారణం చెప్పకుండానే తీసేయొచ్చు. మూడేళ్ల కూతురు ఊళ్లోనే చిక్కుకుపోయింది. తల్లి ఉద్యోగం నిలిస్తేనే పాప ఇక్కడికి రాగలదు. మా టీమ్ లీడ్ యోహానెస్ శుక్రవారంలోగా తేల్చమన్నాడు. తేలకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు.

రవళి నాకు ఫోన్ చేసింది.

“అక్కా, నేనేం తప్పు చెయ్యలే. ఆయన కొడుకు ఇంగ్లండోళ్ల దగ్గర బందీగ ఉన్నడు. వాళ్ల ఫౌజు మీదికొస్తే ఏం జేస్తడు మరి?”

“కొడుకా? మాకెవరికీ కనపడలేదే.”

టెస్టర్లం మామూలుగా ‘ఫాగ్’ ఉంచే ఆడతాం. ఆటగాడికి తెలియని చోట్లను కప్పే చీకటి అది. తీసేసి చూశాను. దూరాన ఒక ఇంగ్లిష్ కోటలో పిల్లవాడు. సైన్యం దగ్గరికొస్తే తండ్రి లొంగుతున్నాడు, దూరమైతే తనవాళ్లతో కలుస్తున్నాడు. ప్రోగ్రామ్ సరిగ్గానే ఉంది. బందీ సంగతి ఆటగాడికి చూపకపోవడమే లోపం. అయినా అందరి ముందూ ఎదురు చెప్పాలంటే భయమేసింది. నా ఉద్యోగం మాత్రం ఏం గట్టిది?

“ఇతను ద్రోహి కదా?” అన్నాడు యోహానెస్ వీడియో మీటింగ్‌లో.

“కొడుకు వాళ్ల చేతిలో ఉంటే నువ్వు ఎదురు తిరుగుతావా?” అన్నాను.

యోహానెస్ ఫాగ్ తీసి ఆ కోటను తనే చూసుకున్నాడు. చివరికి బందీ దృశ్యం చేర్చడానికి ఒప్పుకున్నాడు. రవళి ఉద్యోగం నిలిచింది.

కొన్ని వారాలకే ఆమె రాజీనామా చేసింది. ఫ్రైబర్గ్‌లో వేరే కంపెనీ. మీటింగ్ నాటికే అక్కడ సంతకం పెట్టిందట. నాకు ఒళ్లు మండింది. ఫోన్ చేసి కడిగేశాను.

“ఇక్కడ కుర్జ్‌ఆర్బైట్ పెడ్తరన్నరక్కా. పని తగ్గించి జీతం కోస్తే పాప వీసా ఆగుతదేమోనని రెండు దిక్కులా సరే అన్న. ముందే చెప్తే నా కోసం గట్ల మాట్లాడేదానివా?”

మాట్లాడేదాన్ని కాదేమో. పాప ఎప్పుడొస్తుందని మాత్రం అడిగాను.

ఇప్పుడు ఏ బగ్ రాసినా ముందు ఫాగ్ తీసి చూస్తాను. మనుషుల విషయంలో ఆ సదుపాయం లేదు. అడగాలి. భయం వాళ్లను చెప్పనివ్వకపోవచ్చని తెలిసే అడగాలి.