సగం దిగిన తెర

మాది తమిళం నడిచే ఊరు, అయినా మా ఇళ్లలో అందరం తెలుగు మాట్లాడతాం. చదవమంటే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం. పెళ్లిపత్రికలు తమిళంలో అచ్చేయించి, పెళ్లిలో తిట్లు మాత్రం తెలుగులో తిట్టుకునే వంశం మాది. నెల్లితోపులో ఉండే మా పిన్నికి ఇది నచ్చేది కాదు. ఆమె చిన్నప్పుడు వాళ్ల తాత ఒళ్లో కూర్చుని అక్షరాలు నేర్చుకుంది. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, ఆదివారం సాయంత్రాలు చుట్టుపక్కల మనవాళ్లను తన ముందుగదిలో కూర్చోబెట్టి తెలుగు నేర్పడం మొదలుపెట్టింది.

ఒక చిన్న ప్రొజెక్టర్ కూడా కొనుక్కుంది. చిక్కేమిటంటే, ఆ గదిలో పనికొచ్చే గోడ ఒక్కటే, దానిమీద బాబాయి టీవీ. పిన్ని టీవీకి అడ్డంగా తెల్లపంచె కట్టి పాఠం చెప్పేది. పాఠం మధ్యలో బాబాయి వచ్చి పంచె పైకెత్తి స్కోరు చూసుకుని వెళ్లేవాడు. పంచె ఆయనదే కాబట్టి ఎవరూ ఏమీ అనలేకపోయేవాళ్లు. కొన్నాళ్లకు ఆయనే తీర్పు చెప్పేశాడు.

"ఎనిమిదింటికి నా టీవీ నాకు కనపడాల. ఈ గుడ్డలు కట్టేది, విప్పేది కుదరదు. వచ్చే ఆదివారం గూడా ఇట్నే ఉంటే క్లాసు లేదు, గీసు లేదు."

ఈ సంగతి చెబుతూ పిన్ని నాకు కాఫీ ఇచ్చింది. చక్కెర వేయడం మరిచిపోయింది. అంటే దిగులు గట్టిదే.

నేను లోడ్ ఆటో తోలతాను. సరిగ్గా ఆ వారమే బీచ్ వైపు ఒక హోటల్లో మీటింగు హాలు పడగొడుతుంటే, ఆ రాళ్లూ రప్పలూ మోసే పని దొరికింది. కుప్పమీద పొడుగాటి తెల్ల గొట్టం ఒకటి పడుంది. మోటారు తెర. స్విచ్ నొక్కితే దానంతటదే దిగుతుంది, ఇంకో స్విచ్ నొక్కితే పైకి చుట్టుకుపోతుంది. పాఠమప్పుడు పిన్నికి తెర, ఎనిమిదింటికి బాబాయికి టీవీ. మేస్త్రీని అడిగితే, తీసుకుపోతే ఆయనకే ఒక బరువు తగ్గుతుందన్నాడు. ఆటోలో పట్టక సగం వెనక్కి పొడుచుకొచ్చింది. చివర ఎర్రగుడ్డ కట్టి తీసుకొస్తుంటే, సిగ్నల్ దగ్గర ఒక స్కూటరతను ఇది ఏ గుడి ధ్వజస్తంభం అని అడిగాడు. కొత్త గుడి, ఇంకా దేవుడు దొరకలేదని చెప్పాను.

వైరింగు పనికి మా బావను పిలిచాను. మా అక్క మొగుడు. అరియాంకుప్పంలో ఇళ్లకు వైరింగు చేస్తాడు. బావకు గిరాకీ ఎక్కువ, అనుమానం తక్కువ.

ఆదివారం పొద్దున్నే గొట్టాన్ని టీవీ పైన గోడకు బిగించాం. దానిలోంచి నాలుగు వైర్లు వచ్చాయి. పసుపు, పచ్చ చారలది ఎర్తు. ఇక మిగిలినవి నీలం, గోధుమరంగు, నలుపు. మా ఊరి పాత వైరింగులో ఎర్రవైరులో కరెంటు వస్తుంది, నల్లవైరులో తిరిగి పోతుంది. ఆ తిరుగుదారికే న్యూట్రల్ అని పేరు. బావ చెయ్యి దానంతటదే వెళ్లి నల్లవైరును న్యూట్రల్‌కు చుట్టేసింది. నీలాన్ని ఒక స్విచ్‌కూ, గోధుమరంగును ఇంకో స్విచ్‌కూ ఇచ్చాడు.

ఇది పరదేశం సరుకులా ఉంది, వాళ్ల రంగుల లెక్క వేరేమో అని నేనన్నాను.

"నలుపు యాడికి పొయినా నలుపేరా" అన్నాడు బావ. "ఎనిమిదో క్లాసు గూడా దాటనోడివి, నాకు చెప్పొచ్చినావు."

"బడి నన్ను దాటనియ్యలేదు బావా. నిన్నేమో ఆ నలుపు దాటనియ్యడం లేదు."

అంతే, బావ నాతో మాటలు మానేశాడు.

మెయిన్ వేసి మొదటి స్విచ్ నొక్కాడు. తెర పెళ్లికూతురిలా నెమ్మదిగా దిగింది. పిన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సగం దిగాక బావ దాన్ని ఆపి, పైకి పంపే స్విచ్ నొక్కాడు. గుయ్యిమని మూలిగింది కానీ కదల్లేదు. బావ, తలుపు తియ్యని ఇంటి కాలింగ్ బెల్లు నొక్కినట్టు నొక్కుతూనే ఉన్నాడు. కాసేపటికి మూలుగు కూడా ఆగింది. మొదటి స్విచ్ నొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. గొట్టాన్ని ముట్టుకుంటే దోసెపెనంలా ఉంది.

మోటారు పోయిందని బావ ఆపరేషన్ గది బయట డాక్టరులా తేల్చేశాడు.

బాబాయి వచ్చి తన కుర్చీలో కూర్చుని టీవీ పెట్టాడు. పై సగం తెరవెనక ఉంది. వార్తలు చదివే ఆమె మెడ దగ్గర్నుంచి కిందికి మాత్రమే కనిపిస్తోంది. ఆయన చాలాసేపు శ్రద్ధగా చూశాడు.

"ఎవురో తెలీలేదు గానీ చీర బాగుండాది" అన్నాడు. తర్వాత పిన్ని వైపు తిరగకుండానే, సాయంత్రం లోపల ఆ గొట్టం దించేయమన్నాడు.

పిన్ని, అక్షరాలు దిద్దేవాళ్ల కోసం చదరంగా కత్తిరించి పెట్టుకున్న కాగితాలను పోగుచేసి బీరువా మీద పెట్టేసింది. చావింట్లో కూడా ఒక జోకు వేసి బయటపడేవాణ్ణి, అప్పుడు మాత్రం నాకు ఒక్కటీ తట్టలేదు.

మధ్యాహ్నం అక్క క్యారియర్‌లో చేపల పులుసు తెచ్చింది. తింటూ ఉండగానే బావ, నిచ్చెన పట్టుకోమని మీ తమ్ముడికి చెప్పు అని అక్కతో అన్నాడు. ముందు మెయిన్ ఆపమని మీ ఆయనకు చెప్పు అని నేనూ అక్కతోనే అన్నాను.

"ఏంది ఇది?" అంది అక్క. "నేను నడిమధ్య లేకుంటే మీ ఇద్దరికీ మాటలే రావా?"

నా చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. పొద్దున తెర దిగినప్పుడు కరెంటు తిరిగింది నీలం, నలుపుల మధ్య. మూలిగినప్పుడు గోధుమరంగు, నలుపుల మధ్య. నీలం ఉన్నప్పుడే తెర కదిలింది, గోధుమరంగును నీలంతో మేం కలపనే లేదు.

"బావా, నలుపూ గోధుమరంగూ నువ్వూ నేనూ" అన్నాను. "మనిద్దర్నే ఒకచోట పెడితే గుయ్యిమనేదే గానీ పని జరగదు. మనిద్దరికీ నడిమధ్య ఉండాల్సిన నీలమే అక్క. న్యూట్రల్‌లో కూర్చోబెట్టాల్సింది అక్కను."

బావకు నవ్వు రాలేదు. నలుపును న్యూట్రల్ నుంచి తీస్తే తనకు వైరింగు నేర్పిన గురువు ఆత్మ ఏమవుతుందో వివరించబోయాడు.

"మీ గురువేం లేచొస్తాడా? మార్చండి" అంది అక్క.

మెయిన్ ఆపి మార్చాడు. నీలం న్యూట్రల్‌కు, నలుపు నీలం ఉన్న స్విచ్‌కు. మెయిన్ వేసి, పైకి పంపే స్విచ్ నొక్కాడు. తెర ఏమీ జరగనట్టే పైకి వెళ్లిపోయింది. ఇంకోటి నొక్కితే దిగింది. బాగా వేడెక్కితే తనంతట తానే ఆగి, చల్లారాక మళ్లీ లేచే ఏర్పాటు ఆ మోటార్లలో ఉంటుందని నాకు తర్వాత తెలిసింది. బావకు మాత్రం అప్పుడే తెలిసిపోయింది.

"అన్నం తినేదాకా రెస్టు ఇచ్చినాను గదా, అందుకే" అన్నాడు.

బాబాయి ఒక్కటే షరతు పెట్టాడు. స్విచ్‌లు తన కుర్చీ పక్కనే ఉండాలి. అక్కడే బిగించాం.

సాయంత్రం జనం వచ్చారు. మోటారు తెర చూడ్డానికే కొందరు వచ్చారు, కూర్చోబెట్టేశాం. నేనూ బావా వెనక వరసలో కూర్చున్నాం, మధ్యలో అక్క. ఎనిమిది కొట్టేసరికి తెరమీద గోడంత 'క' ఉంది. బాబాయి వేలు స్విచ్ మీద ఉంది. గదిలో అందరి చూపూ ఆ వేలిమీదే.

"ఆ పైన టిక్కు ఏంది?" అన్నాడు ఆయన.

"దాని తలకట్టు. వీళ్లు అది పెట్టినాక ఎత్తండి" అంది పిన్ని.

అందరూ తలకట్టు పెట్టేదాకా ఆగాడు. మా బావ అందరికంటే ఆలస్యం, బాబాయి మెడ చాచి బావ కాగితం కూడా చూశాడు. అప్పుడు నొక్కాడు. తెర పైకి వెళ్లింది. ప్రొజెక్టర్ ఆపడం ఎవరికీ గుర్తులేదు. టీవీ పెట్టగానే, పొద్దుటి ఆమెకు ఈసారి తల కూడా వచ్చింది, ఆ తలమీద పెద్ద 'క'. నేను ప్రొజెక్టర్ ఆపబోయాను.

"ఉండనీరా" అన్నాడు బాబాయి. వార్తలు కాసేపు అలాగే చూశాడు. "ఏమే, వచ్చే ఆదివారం దీని తర్వాత ఏది?"

"ఖ" అంది పిన్ని, బీరువా మీద మిగిలిన కాగితాలు కిందికి దించుతూ.