నాలుగో నంబరు లెన్సు, నా రెండు వేళ్ళు

ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, వికారాబాదులో నన్నెరిగినవారు ఈ సంఘ పత్రిక చేతికి రాగానే "దావీదు సాక్ష్యమట, ఇక నవ్వుకుందాం" అని కూర్చుంటారని నాకు తెలుసు, ఎందుకంటే నేను పెళ్ళిలోనూ చావులోనూ నోరు మూయని మనిషిని, ప్రార్థన మధ్యలో పాదిరి అయ్యగారు దగ్గితే దానికీ ఒక మాట అంటించి వెనుక వరుసను నవ్వించినవాణ్ణి! ఈసారి మాత్రం సిగ్గుతో రాస్తున్నాను. రెండేళ్ల కిందట మూడు రోజులపాటు నేను ఎంత చీకటిలో ఉన్నానో నా దేవునికి తెలుసు, నా భార్య శాంతమ్మకు తెలుసు, ఇప్పుడు మీకూ తెలియాలి.

నా చదువు నాలుగో తరగతి, అదీ ఉర్దూలో. పోలీసు చర్య జరిగిన ఏడు బడి మూతపడింది, మళ్ళీ తెరిచేసరికి పంతులు మారాడు, భాష మారింది, నేను అప్పటికే స్టేషను దగ్గర చాయ్ కప్పులు కడుగుతున్నాను. అలాంటివాడికి ప్రభువు దయవల్ల మల్టీపర్పస్ స్కూల్లో అటెండరు పని దొరికింది, అందులోనూ ఫిజిక్సు ల్యాబులో! పన్నెండో తరగతిలో సైన్సు తీసుకున్నవాళ్ళు పడే బాధ బయటివారికి తెలియదు గనుక చెబుతాను. వాళ్ళకు రెండు రాత పరీక్షలు, వాటినిండా లెక్కలు, ఏడాది పొడుగునా చేసిన ప్రయోగాలు ఎక్కించిన రికార్డు పుస్తకం, ప్రతి పేజీకి సారు సంతకం, ఆఖరున ప్రాక్టికల్. పట్నం నుంచి ముఖం ఎరుగని ఎగ్జామినరు వస్తాడు, మడిచిన చీటీలు బల్ల మీద పోస్తాడు, ఏ చీటీ చేతికొస్తే ఆ ప్రయోగం తానొక్కడే చేయాలి, ఆ తర్వాత ఆయన అడిగే నోటి ప్రశ్నలకు నిలబడాలి. రాతలో మొదటివాడైనా సరే, ప్రాక్టికల్లో పోతే ఏడాదంతా పోయినట్టే!

అక్కడ నేను రాజును, సహోదరులారా! ఏ లెన్సు ఫోకస్ దూరం ఎన్ని సెంటీమీటర్లో, ఏ తీగ ఎంత మందమో ఏళ్ల తరబడి తుడిచి తుడిచి నాకు నోటికి వచ్చేసింది. పరీక్షనాడు బల్లలు తుడుస్తున్నట్టు తిరుగుతూ భుజం మీది గుడ్డ సవరించుకుంటూ వేళ్ళు చూపేవాణ్ణి, ఒక వేలు అంటే పది, రెండు వేళ్ళు అంటే ఇరవై. పైసా ముట్టలేదు. నాకు కావలసింది వేరే. పన్నెండు చదివే పిల్లలు నాలుగు చదివిన నన్ను "దావీదన్నా, ఏమొస్తది?" అని బతిమాలాలి, అదీ నా తాగుడు, అదీ నా మత్తు!

ఆ ఏడు పరీక్షలకు పది రోజుల ముందు, పిల్లలను నవ్వించడానికి నాలుగో నంబరు లెన్సు తీసుకొని ఎండలో బీడీ ముట్టించబోయాను. అది చేయి జారి అరుగు మీద పడి అంచు పగిలింది. సారుకు చెప్పాలి. చెప్పలేదు. బీరువా అడుగున అంతే వెడల్పున్న పాత లెన్సు ఒకటి ఉంటే దాని మీద '4' అని చీటీ అతికించి గూట్లో పెట్టేశాను, అది ఎన్ని సెంటీమీటర్లో చూడను కూడా లేదు, మరునాటికి మరచిపోయాను.

శనివారం పరీక్ష. ఆ నాలుగో నంబరు మల్లేశానికి వచ్చింది. మల్లేశం పెద్దేముల్ కురుమల పిల్లవాడు, వాళ్ల ఇంట్లో గొర్ల వెంట పోకుండా బడికి వచ్చిన మొదటివాడు, హాస్టల్లో ఉండి చదివేవాడు, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు. కొవ్వొత్తి ముట్టించి, లెన్సు నిలిపి, తెర జరుపుకుంటూ బుద్ధిగా కొలుస్తున్నాడు. నేను గుడ్డ సవరించుకుంటూ రెండు వేళ్ళు చూపాను. వాడు ముఖం చిట్లించి మెల్లగా అన్నాడు:

"అన్నా, నాకైతే పదిహేను వస్తున్నదే. మూడుసార్లు చూసిన."

"ఇరవై ఏండ్ల సంది ఉన్నది గది ఇరవైయే. లెన్సు తప్పయితదారా, నీ కండ్లు తప్పయితయా?" అన్నాను. నేను ల్యాబులో చేరి ఎనిమిదేళ్లే, అయినా ఇరవై అన్నాను!

వాడు నన్ను నమ్మాడు. తన కళ్ళను నమ్ముకోలేదు, నన్ను నమ్మాడు! రాసింది కొట్టేసి, ఇరవై వచ్చేటట్టు లెక్కలు వెనుక నుంచి కట్టి, ముప్ఫై దగ్గర కొవ్వొత్తి పెడితే అరవై దగ్గర బొమ్మ పడిందని రాశాడు. ఎగ్జామినరు వచ్చి కాగితం చూసి, "ఏదీ, అరవై దగ్గర తెర పెట్టి చూపించు" అన్నాడు. పిల్లవాడు పెట్టాడు. తెర మీద ఏమీ లేదు, మసక వెలుతురు తప్ప. ఆయన తెరను తానే ముప్ఫై దగ్గరికి లాగాడు, కొవ్వొత్తి మంట తలకిందులుగా తేటగా నిలబడింది!

అప్పుడు నాకు గుర్తొచ్చింది. బీడీ, పగిలిన అంచు, నేను అతికించిన చీటీ, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"చూడనిది చూసినట్టు రాసినవు. సున్నా," అన్నాడు ఆయన. మల్లేశం తల తిప్పి నావైపు చూశాడు. ఎగ్జామినరు కూడా వాని చూపు వెంబడి నావైపు చూశాడు. ఒక్క మాట చెప్పడానికి దేవుడు నాకు అంత తావు ఇస్తే, నా నోట్లో నుంచి ఏం వచ్చిందో తెలుసా సహోదరులారా?

"గొర్ల లెక్క అనుకున్నడేమో సార్, తక్కువైతే పక్క మందకెల్లి కలిపిండు!"

అందరూ నవ్వారు. భయంతో చెమటలు పట్టిన పిల్లలు కూడా నవ్వారు. అంత పెద్ద నవ్వు నా బతుకులో ఎన్నడూ రాబట్టలేదు. వాడు కలం జేబులో పెట్టుకొని బయటికి పోయాడు, ఆ సాయంత్రమే పెట్టె సర్దుకొని పెద్దేముల్ వెళ్ళిపోయాడని తెలిసింది.

మరునాడు ఆదివారం, గుడిలో రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభు బల్ల. అయ్యగారు రొట్టె పట్టుకొని వరుస వెంబడి వస్తున్నారు, నేను మోకాళ్ళ మీద ఉండి చేతులు చాపాను, చాపగానే నా రెండు వేళ్ళు నాకే కనబడ్డాయి. చేతులు వెనక్కి తీసుకున్నాను. అయ్యగారు ఒక క్షణం ఆగి ముందుకు పోయారు, ఏదో వేళాకోళం అనుకొని వెనుక ఎవరో కిసుక్కున నవ్వారు కూడా! ఇదీ నేను సంపాదించుకున్న పేరు, నా ఏడుపు కూడా నవ్వులాటే! అక్కడే తల వంచి ప్రార్థించాను: "ప్రభువా, నాకు చదువు లేదనే సిగ్గును దాచుకోవడానికి ఇంతకాలం అందరినీ నవ్వించిన. ఆ పిలగాని బతుకును నవ్వులపాలు చేసిన. నా నోరు నా చేతిలో లేదు, నీ చేతిలోకి తీసుకో."

ఇంటికి వచ్చి శాంతమ్మకు అంతా చెప్పాను. ఆమె తిట్టలేదు, ఓదార్చలేదు. "దేవునికి చెప్పినవు, మంచిదే. ఆ సారుకెప్పుడు చెప్తవు?" అంది.

ఆ ఎగ్జామినరే సోమవారం తాండూరు బడిలో పరీక్ష పెట్టి, రెండు బడుల మార్కులూ కలిపి ఆ సాయంత్రమే సీలు వేసి పంపుతాడని నాకు తెలుసు. చెబితే నా ఉద్యోగం పోవచ్చు, చెప్పకపోతే మల్లేశం మళ్ళీ గొర్ల వెంట పోవడమే. పొద్దున మొదటి బండి ఎక్కాను. దారి పొడుగునా "దేవా, తమాషా మాట ఒక్కటి కూడా రానియ్యకు" అని అడుగుతూనే ఉన్నాను, ఎందుకంటే నాకు భయం వేస్తే ముందు వచ్చేది తమాషానే!

తాండూరు బడి నల్లరాతి అరుగు మీద, అక్కడి సార్లందరి ముందు, ఎగ్జామినరుకు లెన్సు సంగతి, వేళ్ళ సంగతి, గొర్ల మాట సంగతి, ఒకటి దాచకుండా చెప్పాను. "ఇదంతా రాసి సంతకం పెడతావా?" అని అడిగాడు. వంకర అక్షరాలతో రాసి పెట్టాను. "మధ్యాహ్నం బ్యాచి మొదలయ్యేలోపు పిల్లవాణ్ణి తీసుకురా. కొత్త చీటీ, కొత్త ప్రయోగం. నువ్వు లోపలికి అడుగు పెట్టడానికి వీల్లేదు," అన్నాడు. దేవునికే మహిమ!

అద్దె సైకిలు మీద పెద్దేముల్ చేరేసరికి నా చొక్కా పిండితే నీళ్ళు కారేటట్టు ఉంది. మల్లేశం తండ్రి బీరప్ప వాకిట్లోనే ఎదురయ్యాడు. నేనెవరినో చెప్పగానే ఆయన ముఖం మారింది.

"నువ్వేనా గా దావీదు? మొన్నటి సంది నా కొడుకు బుక్కెడు తినలే. మా గొర్ల లెక్క మాకెప్పుడు తప్పలేదయ్యా, పొద్దుగూకితే ఒక్కటి తక్కువైనా ఎరుకైతది. నీ లెక్కనే తప్పింది!"

తిరుగు మాట నా నాలుక చివరిదాకా వచ్చింది, అబద్ధమెందుకు ఆడాలి? కానీ రాలేదు. నా బతుకులో మొదటిసారి రాలేదు! "నాదే తప్పు పెద్దయ్యా, మాఫ్ చెయ్యి," అని చేతులు జోడించాను. అంతే సహోదరులారా, ఇదే నాకు దొరికిన విడుదల. దయ్యం అరుచుకుంటూ పోలేదు, రోగం మాయం కాలేదు, ఒక మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది, అది నా బలం కాదు, నా బలం ఎంతో మీ అందరికీ తెలిసిందే!

మల్లేశం సైకిలు వెనుక కూర్చున్నాడు. తాండూరు చేరేసరికి మధ్యాహ్నం బ్యాచి ఇంకా మొదలు కాలేదు. లోపలికి పోయేముందు వాడు నావైపు చూడలేదు, చూడకపోవడమే న్యాయం. తాండూరు ల్యాబులో ఏ వస్తువు ఎంతో నాకు ఏమీ తెలియదు, తెలిసినా తలుపు మూసి ఉంది. బయట రాతి మీద కూర్చొని, రెండు చేతులూ చంకల్లో ముడుచుకొని, "తండ్రీ, వాని కండ్లను వాడు నమ్మేటట్టు చెయ్యి," అని ఆ మూడు గంటలూ అదొక్కటే అడిగాను.

సాయంత్రం తలుపు తెరుచుకుంది. వాడు బయటికి వచ్చి మెట్ల మీద నిలబడ్డాడు. ఉండబట్టలేక అడిగాను, "ఎంతొచ్చిందిరా?"

"నీకు చెప్పనన్నా," అన్నాడు.

అని నవ్వాడు. నన్ను చూసి నవ్వాడు, నాతో కలిసి కాదు. సరిగ్గా అదే నాకు రావలసింది, తలవంచి తీసుకున్నాను.

ఆ ఏడు మల్లేశం పాసయ్యాడు, ఇప్పుడు పట్నంలో బీఎస్సీ చదువుతున్నాడు. నన్ను ల్యాబు నుంచి తీసేసి గంట కొట్టే పనిలో, కుండలు నింపే పనిలో పెట్టారు. పిల్లలు దాహానికి వచ్చి "దావీదన్నా" అని పిలిస్తే ఇప్పటికీ నాకు తల ఎత్తడం కష్టం. ఆ సిగ్గును తీసేయమని నేను దేవుణ్ణి అడగడం లేదు, దాని కిందనే నా నోరు పదిలంగా ఉంది.

ప్రియులారా, మీలో ఎవరైనా ఒకరిని నవ్వులపాలు చేసి, ఆ సంగతి దేవునికి మాత్రం చెప్పుకొని ఊరుకున్నవారు ఉంటే, భయపడకండి, ఆయన మీద భారం వేసి లేచి ఆ మనిషి ఇంటికి వెళ్ళండి! మీకంటే ముందుగా ఆయన ఆ వాకిట్లో ఉంటాడు, నేను చూశాను గనుక చెబుతున్నాను. నావంటి నాలుకను సైతం ఆపగలిగిన ప్రభువుకే సమస్త స్తోత్రం. ఆమేన్.