మొదటి సంతకం నాదే

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో రోడ్డు దాటడం కన్నా డిగ్రీ దాటడం సులువని మా నాయన అంటుండేవాడు. ఆయన ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు షేర్ ఆటో నడిపేవాడు కాబట్టి రోడ్డు సంగతి ఆయనకు బాగా తెలుసు. డిగ్రీ సంగతి మాత్రం నేను చెప్పిందే ఆయనకు వేదం. ఎట్లా నడుస్తుందని అడిగినప్పుడల్లా "మంచిగనే నడుస్తుంది నాయినా" అనేవాణ్ణి. అది అబద్ధమేమీ కాదు. తెలంగాణ ఉద్యమం మంచిగా నడుస్తోంది, కాలేజీ గేటు ముందు మా టెంటు మంచిగా నడుస్తోంది, నడవనివి క్లాసులొక్కటే. ఇరవయ్యేళ్ల వయసులో, మనం లేకపోతే రాష్ట్రమే రాదని నమ్మడంలో ఒక సుఖం ఉంటుంది. తర్వాత ఏ ఉద్యోగంలోనూ ఏ ప్రమోషన్‌లోనూ నాకు అంత సుఖం దొరకలేదు.

మాది అటానమస్ కాలేజీ. అంటే పట్టా యూనివర్సిటీదే కానీ, ఏ పేపర్లు చదవాలో, ఏవి పాసైతే డిగ్రీ చేతికొస్తుందో కాలేజీయే తేల్చుకుంటుంది. మొదటి సంవత్సరంలో అందరికీ ఫౌండేషన్ అని ఒక పేపరుండేది. దేశ వారసత్వం, సంస్కృతి, ఇంకా అలాంటి పెద్దపెద్ద మాటలన్నీ అందులో ఉండేవి. దాంట్లో ఫెయిలైనవాణ్ణి చూపిస్తే బిర్యానీ తినిపిస్తానని మా సీనియర్ ఒకడు పందెం కాసేవాడు. వాడి మాట నమ్మి నేను పుస్తకం కొనలేదు. చిన్నప్పుడు నాయినమ్మ పక్కన కూర్చుని చూసిన పౌరాణిక సీరియళ్ల జ్ఞానంతోనే పద్దెనిమిది పేజీలు నింపి వచ్చాను. ఫలితాలొచ్చాక చూస్తే కాలేజీ మొత్తం మీద ఫౌండేషన్ తప్పింది నేనొక్కణ్ణే. (బిర్యానీ బాకీ ఇంకా అలాగే ఉంది.) ఇదో లెక్కా, ఎప్పుడో ఒకప్పుడు రాసి పారేయొచ్చనుకున్నాను, అలా అనుకుంటూనే రెండేళ్లు గడిపేశాను.

ఇక మా టెంటు సంగతి. రిలే నిరాహార దీక్షలో నా వంతు వచ్చిన రోజు పొద్దున తొమ్మిదింటికి నాలుగు ఇడ్లీలు, రెండు వడలు తిని, పదింటికి దండ వేయించుకుని కూర్చునేవాణ్ణి. సాయంత్రం ఐదింటికి నిమ్మరసం తాగేటప్పుడు నీరసంగా కనిపించడం ఒక కళ. అందులో నాకు మంచి పేరుండేది. అట్లా కూర్చున్న ఒక మధ్యాహ్నం, మా దోస్తుల్లో ఒకడు ఉన్నట్టుండి, "అరేయ్, గా ఫౌండేషన్ బుక్కుల మన ముచ్చట ఒక్క పేజన్న ఉన్నాదిరా?" అన్నాడు. ఎవరూ జవాబు చెప్పలేకపోయారు, ఎందుకంటే ఎవరూ ఆ పుస్తకం చదవలేదు. తెప్పించి తిరగేస్తే నిజంగానే లేదు. అందరికీ రక్తం మరిగింది. నా దస్తూరి బాగుంటుందని వినతిపత్రం రాసే పని నాకప్పగించారు. ఒకటి, ఫౌండేషన్ పేపరు తీసేయాలి. రెండు, దాని స్థానంలో తెలంగాణ చరిత్ర, సంస్కృతి పెట్టాలి. మూడు, ఆ పేపరు పాస్ కానివాడికి డిగ్రీ ఇవ్వకూడదు. (ఈ మూడోది పూర్తిగా నా సొంత తెలివి. "గట్లుంటెనే సీరియస్‌గ చదువుతరు" అని వాదించి మరీ పెట్టించాను.) నాలుగు, ఆ పేపరును మన ప్రాంతం వాళ్లే చెప్పాలి. కింద పచ్చ ఇంకుతో, అరచేయంత మొదటి సంతకం నాదే. మిగతా రెండు వందల మంది నా కింద ఇరుక్కుని చేశారు.

మా ప్రిన్సిపాల్ ఒప్పుకుంటాడని మేం కలలో కూడా అనుకోలేదు. వారం రోజుల పోరాటానికి సరిపడా నినాదాలు రాసుకుని, ఆయన దిష్టిబొమ్మ కూడా తయారు చేసి పెట్టుకున్నాం. ఆయనేమో సిలబస్ కమిటీని కూర్చోబెట్టి, బయటికొచ్చి, "మీరడిగింది న్యాయమేనయ్యా. వచ్చే ఏడాది నుంచి పెడుతున్నం" అనేశాడు. మొదటి మూడు డిమాండ్లూ అక్షరం మార్చకుండా ఒప్పుకున్నారు. నాలుగోదాని ఊసెత్తలేదు, ఎందుకంటే ఖాళీ పీరియడ్లున్న హిస్టరీ లెక్చరర్ కాలేజీలో ఒక్కరే, ఆమెది కాకినాడ. గెలుపు ఇంత తొందరగా వస్తే ఏం చేయాలో తోచక, దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు దాకా డప్పులతో ఊరేగాం. కాల్చడానికి కారణం లేక మిగిలిపోయిన దిష్టిబొమ్మను నాయన ఆటోలో వేసుకుని ఇంటికి తెస్తే, నాయినమ్మ దాన్ని చిక్కుడు పాదు దగ్గర పిట్టలకు కాపలా పెట్టింది. ఆ ప్రిన్సిపాల్ ఎంత మంచివాడో, ఆ బొమ్మ కూడా అంత నమ్మకంగా పని చేసింది.

ఏడాది గడిచింది. డిగ్రీ పరీక్షలన్నీ అయిపోయాయి, ఎంట్రెన్స్ రాస్తే పీజీలో సీటొచ్చింది. నల్గొండ జిల్లా ఊరు విడిచి వచ్చిన మా ఇంట్లో అంతదాకా పోయినవాళ్లు లేరు. నాయన ఆటో ఎక్కినవాళ్లకు దిగే లోపల నా ర్యాంకు చెప్పకుండా వదిలేవాడు కాదు. ఎల్బీనగర్‌లో ఎక్కి కొత్తపేటలో దిగే ఒక ముసలాయన రోజూ అదే మాట విని విని, "నీ కొడుకు ర్యాంకు నాకు నోటికొచ్చింది, జర కొత్త ముచ్చట చెప్పు" అన్నాడట. అడ్మిషన్‌కు నెలాఖరు లోపల, అన్ని పేపర్లూ పాసైన మెమో చూపించాలి. అప్పుడు గుర్తొచ్చింది నాకు ఫౌండేషన్.

కాలేజీ పరీక్షల విభాగంలో మలక్‌పేట నుంచి వచ్చే పెద్ద గుమాస్తా ఒకాయన ఉండేవాడు. అందరం ఆయన్ను పెద్ద సాబ్ అనేవాళ్లం. కిటికీ దగ్గర నిలబడి, "సాబ్, ఫౌండేషన్ ఒక్కటి మిగిలింది. సప్లిమెంటరీ రాస్త" అన్నాను.

"కౌన్సా ఫౌండేషన్ బేటా? గా పేపర్ ఖతమ్ అయింది కదా."

నాకు ప్రాణం లేచొచ్చింది. "లేని పేపర్ల నేనెట్ల ఫెయిలైత సాబ్? పాస్ అని రాసియ్యుండ్రి మరి!"

ఆయన నవ్వి, బీరువాలోంచి ఒక ఫైలు తీసి, వేలు పెట్టి చదివాడు. "పాత పేపర్ల తప్పినోళ్లు దాని జాగల కొత్త పేపర్ రాయాలె. అది పాస్ కాకుంటే డిగ్రీ లేదు. సప్లిమెంటరీ ఇంకా పన్నెండు రోజులే ఉన్నది."

"గిదేం రూల్ సాబ్! చదువని పేపర్ ఎట్ల రాస్తరు? గింత అన్యాయం ఎవడు పెట్టిండు?"

ఆయన తొందరపడలేదు. కళ్లద్దాలు తుడుచుకుని, పేజీలు వెనక్కి తిప్పి, ఫైలు నా వైపు జరిపాడు. "గీ పచ్చ సంతకం ఎవరిది బేటా?"

ఆ సంతకం చూడగానే, అప్పటిదాకా కిటికీ ఊచలు పట్టుకుని ఊపుతున్న నా చేతులు వాటంతటవే కిందికి దిగాయి. పెద్ద సాబ్ నా మొహం చూసి జాలిపడి, "పరేషాన్ కాకు. కాకినాడ మేడమ్‌ను కలువు. మంచిగ చెప్తది" అన్నాడు. ఆయన ఇచ్చిన సలహా మంచిదే. కానీ నాలుగో డిమాండు రాసింది కూడా ఈ చెయ్యే కదా. ఏడాది పాటు ఆమె మా టెంటు పక్క నుంచే గొడుగు వేసుకుని వెళ్లేది. మేం అరిచేవన్నీ ఆమెకు వినబడేవి. "కొంచెం పక్కకి జరగండి బాబూ, క్లాసుకి టైమవుతోంది" అనడం తప్ప ఇంకో మాట అనేది కాదు. రెండు రోజులు స్టాఫ్ రూమ్ దాకా వెళ్లి, గుమ్మంలోంచే వెనక్కొచ్చాను. మూడో రోజు నాయన ఆటోలో ఎవరికో నా ర్యాంకు చెబుతుంటే విని, ఇక సిగ్గుపడితే లాభం లేదనుకున్నాను.

"మేడమ్, గా కొత్త పేపర్... జర చెప్తరా?"

ఆమె దిద్దుతున్న పేపర్లు పక్కన పెట్టింది. "చెప్పడానికేముంది బాబూ. కానీ నాలుగో పాయింటు ఉంది కదా? మీ కాగితం నాకూ ఓ కాపీ ఇచ్చారు. నీ దస్తూరి ఎంత బావుందో! మీ ప్రాంతం వాళ్లే చెప్పాలని రాశావు. నేనేమో కాకినాడ దాన్ని. మరి ఏం చేద్దామంటావు?"

భూమి చీలితే బాగుండుననిపించింది. "తప్పయింది మేడమ్" అన్నాను గానీ అది నాకే వినబడలేదు.

"పోనీ ఓ పని చేద్దాం. నువ్వు చెప్పు, నేను వింటాను. నాలుగో పాయింటుకి ఏ ఇబ్బందీ ఉండదు." అలా అని ఊరుకోలేదు. లేచి వచ్చి నా పక్కనున్న బల్ల మీద కూర్చుని, నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టి, కొత్త నోట్సు తెరిచింది. "చెప్పండి సార్. బతుకమ్మ అడుగున ఏ ఆకు పరుస్తారు?"

బతుకమ్మ మీద నినాదాలు అడిగితే గంటసేపు ఆపకుండా చెప్పగలను. ఆకు గురించి ఎవరూ ఎప్పుడూ అడగలేదు. చాలాసేపు ఆలోచించి, "పచ్చగ ఉంటది మేడమ్" అన్నాను. ఆమె నవ్వకుండా నోట్సులో "పచ్చగా ఉంటుంది" అని రాసుకుంది. "మిగతాది రేపు చెబుతారు కదా సార్?"

ఇంటికెళ్లి అమ్మనడిగితే, బియ్యం ఏరుతున్నదల్లా చేట కింద పెట్టి నవ్వింది. "గుమ్మడాకుర! పండుగనాడు నువ్వు లేశేసరికె పేర్చుడు అయిపోతది. నీకెట్ల ఎరుకైతది?" ఆ తర్వాత తంగేడు పూలు ఎక్కడ పెట్టాలో, గునుగు పూలకు రంగులెట్లా అద్దాలో నాకు అరగంట క్లాసు పీకింది. మర్నాడు నేను అదంతా మేడమ్‌కు అప్పజెప్పాను. ఆమె రాసుకుని, ఆ పండుగ గురించి తను పుస్తకాల్లో చదివింది నాకు చెప్పి, "రేపు వెట్టి చాకిరి సార్" అంది.

వెట్టి గురించి ఎవరినడగాలో వెతుక్కునే పని లేదు. నాయినమ్మ చిక్కుడు పాదు దగ్గరే కూర్చునుంది. ఆమె తల్లి, దొరసాని మేనాలో ఊరెళ్తుంటే ముందు ఉరకాల్సి వచ్చేదట, మధ్యలో ఆగి నీళ్లు తాగడానికి కూడా లేదట. నాయినమ్మ ఆ మాటలు చెబుతూ తన మోకాళ్లు ఒత్తుకుంది, తనే ఉరికినట్టు. "ఇన్నేండ్ల సంది ఇదంత నాకెందుకు చెప్పలేదే?" అన్నాను. "నువ్వు అడగలే బిడ్డ" అంది. మా చరిత్ర మాకు కావాలని ఏడాది పాటు రోడ్డు మీద గొంతు చించుకున్నాను. ఆ చరిత్ర మా ఇంటి వెనకే కూర్చుని నాకు అన్నం పెడుతోందని తోచలేదు. ఆ రోజు నాకు నిజంగా సిగ్గేసింది. రాత్రి ఆమె కాళ్లొత్తాను. "పరీక్షలున్నయా ఏంది?" అని అనుమానంగా అడిగింది.

పరీక్ష రోజున రోడ్ల మీద రాస్తారోకో. నాయన ఆటో కదల్లేదు. ఎల్బీనగర్ నుంచి నడుచుకుంటూ బయల్దేరితే కొత్తపేట దగ్గర రోడ్డుకు అడ్డంగా కూర్చున్నది మా వాళ్లే.

"ఏందిరా, మేమందరం ఈడ కూసుంటె నువ్వు పరీక్షకు పోతున్నవా?"

"గది మన పేపర్‌రా! మనం కొట్లాడి తెచ్చుకున్నది. నేను ఫెయిలైతే ఉద్యమానికే ఇజ్జత్ పోతది."

వాళ్లు లేచి దారిచ్చి, నా వెనక నినాదం కూడా అందుకున్నారు. పరీక్షకు అంత ఘనంగా సాగనంపించుకున్నవాణ్ణి నేనొక్కణ్ణేనేమో. పాసు మార్కుకు రెండు మార్కులు ఎక్కువొచ్చాయి. మెమో తీసుకెళ్లి మేడమ్‌కు చూపిస్తే, "రెండే ఎక్కువా? అయితే చెప్పినవాళ్లదే లోపం సార్" అంది. నెలాఖరుకు ఇంకా నాలుగు రోజులుండగా సీటు నాదైంది. నాయన ఆటో మళ్లీ నడిచింది, కొత్తపేట ముసలాయనకు కొత్త ముచ్చట దొరికింది.

తర్వాత రాష్ట్రం వచ్చింది. నేను అదే కాలేజీలో లెక్చరర్నయ్యాను. మేడమ్ రిటైరయ్యే వరకు నన్ను సార్ అనే పిలిచింది. అది వేళాకోళమని కొత్తగా వచ్చినవాళ్లు అనుకునేవారు. కొంత వేళాకోళమే, కాదనను. ఆమె తర్వాత ఆ పేపరు నేను చెబుతున్నాను, సిలబస్ కమిటీలోనూ నేనే కూర్చుంటున్నాను. నాలుగో డిమాండు ఇన్నాళ్లకు అమలైందన్నమాట. కానీ ఆమె చెప్పినంత బాగా నేను చెబుతున్నానని నాకు నమ్మకం లేదు.

పోయిన నెల కమిటీ ముందుకు ఒక వినతిపత్రం వచ్చింది. నా పేపరు తీసేసి దాని జాగాలో కంప్యూటర్ పేపరు పెట్టాలట, అది పాసైతేనే డిగ్రీ ఇవ్వాలట. అందరికన్నా పైన ఊదా ఇంకుతో అరచేయంత సంతకం. మొదట కోపమొచ్చింది, తర్వాత ఆ సంతకం సైజు చూసి నవ్వొచ్చింది. ఆ సంతకం పెట్టిన కుర్రాణ్ణి స్టాఫ్ రూమ్‌కు పిలిపించాను. వాదనకు సిద్ధమై, గుండెల నిండా గాలి పీల్చుకుని వచ్చాడు.

"అవన్ని తర్వాత. ముందు ఇది చెప్పు, నీకు బ్యాక్‌లాగ్ ఏమన్న ఉన్నదా?"

గాలంతా దిగిపోయింది. "ఒక్కటి ఉన్నది సార్."

"ఏ పేపర్?"

నేల చూపులు చూశాడు. "మీదే సార్."

నేను లేచి, వాణ్ణి నా కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన బల్ల మీద కూర్చుని నోట్సు తెరిచాను. "చెప్పండి సార్. బతుకమ్మ కింద ఏ ఆకు పరుస్తరు?"

వాడు నన్ను చూశాడు, నోట్సు చూశాడు, కుర్చీ చేతులు పట్టుకుని సర్దుకుని కూర్చున్నాడు. "నాకు ఎరుకలేదు సార్. ఇంటికి పోయి మా అమ్మనడిగి రేపు చెప్త."

ఆ వయసులో నాకు ఆ మాట నోటికి రాలేదు. పచ్చగ ఉంటదన్నాను.