ముందు చక్రాల గేరు కోసం వాకాడు ఒడ్డుకు

నా పాత మిలిటరీ ట్రక్కు నాకంటే వయసులో పెద్దది. రెండేళ్లు కష్టపడి ఇంజన్‌ను బతికించుకున్నాను కానీ, ముందు చక్రాలను తిప్పే గేరు పళ్లు విరిగిపోయి ఇసుకకూ బురదకూ పనికిరాకుండా పోయింది. చెన్నైలో పాత సామాన్ల అంగళ్లు, విజయవాడ ఆటోనగర్ గాలించినా ఆ గేరు దొరకలేదు. నెల్లూరు పక్కన కొడవలూరులో బండి పెట్టిన షెడ్డు నెలాఖరుకల్లా ఖాళీ చేయాలి. అప్పటికి బాగుపడకపోతే తుక్కుకు అమ్మేస్తానని ఇంట్లో మాటిచ్చేశాను. సరిగ్గా అప్పుడే టీకొట్టు దగ్గర కలిసిన రొయ్యల మేత లారీ డ్రైవరు నా ఫోన్లో బండి ఫొటో చూసి, “మా వాకాడు పక్కన ఇట్టాంటిదే ఒకటుండాదన్నా, పడవలు లాగిన బండి,” అన్నాడు. మర్నాడే బయల్దేరాను.

ఉదయం ఆరున్నరకు నెల్లూరులో గూడూరు బస్సెక్కితే గంటకు పైగా పట్టింది. అక్కడ ఇడ్లీ తిని, కోట మీదుగా వాకాడు వెళ్లే బస్సు పట్టుకున్నాను. రెండు బస్సులకీ కలిపి నూటపాతిక లోపే. వాకాడులో ఆటో అతను సముద్రం ఒడ్డు పాళేనికి రానూ పోనూ నాలుగు వందలన్నాడు. వరిచేలు, రొయ్యల చెరువులు దాటి సరుగుడు తోపు మలుపు తిరగగానే కనిపించింది! సగం చక్రాలు ఇసుకలో కూరుకుపోయి, ఉప్పుగాలికి తలుపులు ఊడిపోయి, అచ్చం నా ట్రక్కే. ఆటో ఆగకముందే దూకేశాను.

బండి ఆదెమ్మక్కది. అరవై దాటిన మనిషి, వల బాగుచేస్తూ తలెత్తకుండానే చెప్పింది: “తుక్కుకి కోసేవాళ్లకి ఇయ్యనబ్బయ్యా. శానామంది వచ్చి పోయినారు.”

“కొయ్యడానికి కాదక్కా, నడపడానికి,” అంటూ ఫోన్లో నా ట్రక్కు స్టార్టయ్యే వీడియో పెట్టాను. ఆమె వల వదిలేసి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది.

“ఇదే, ఇదే చప్పుడు! తుఫాను వస్తే మా పాళెం పడవలన్నీ నేనే లాగినా దీంతో. మా ఆయనకి గేరు మార్చేది కూడా రాదు,” అని పకపకా నవ్వింది.

తర్వాత ఆమే చీరకొంగు దోపుకుని బండి కిందికి దూరింది. ఏ బోల్టు ముందు విప్పాలో ఆమెకు తెలుసు. తుప్పు పట్టిన బోల్టులకు కిరసనాయిలు పోసి, సుత్తితో తట్టి, రెండున్నర గంటలు పెనుగులాడాం. చివరి బోల్టు మాత్రం తిరగనంది. “ఉండు,” అని ఆమె స్పానరుకు ఇనుప గొట్టం తగిలించి ఒక్క ఊపు ఊపింది. మూత తీస్తే లోపల నల్లటి ఆయిల్లో గేరు, ఒక్క పన్ను కూడా అరగకుండా! ఇద్దరం చిన్నపిల్లల్లా కేక పెట్టాం.

ఎంతివ్వాలని అడిగితే, “బాగైనాక బండి ఈడికి తే. ఒకసారి తోలాల,” అంది. అంతకుమించి పైసా తీసుకోలేదు.

నాలుగో రోజుకు మెకానిక్కూ నేనూ కలిసి గేరు బిగించాం, ముందు చక్రాలు తిరిగాయి. ఆ ఆదివారమే ట్రక్కు తీసుకెళ్లాను. ఆదెమ్మక్క స్టీరింగు పట్టుకుని మెత్తటి ఇసుకలోకి దించేసింది. నేను పక్కసీట్లో కడ్డీ పట్టుకుని కూర్చున్నాను. ఇన్నాళ్లూ ఈ బండి గురించి అంతా నాకే తెలుసనుకున్నాను. దాన్ని నడపడమంటే ఏమిటో ఆ రోజే చూశాను.

మీరూ ఇలా వెతుక్కుంటూ ఒడ్డు పాళేలకు వెళ్తే, ఆటోను తిరుగు ప్రయాణానికీ ముందే మాట్లాడుకోండి. పొద్దుగూకే వేళ అక్కడ మరోటి దొరకదు.