చెవిగుర్తు మార్చినవాడు

చిట్యాల గ్రంథాలయంలో కంప్యూటర్ పుస్తకాలు నాలుగే ఉండేవి. లినక్స్ గురించిన పుస్తకాన్ని నేను మూడుసార్లు ఇంటికి తెచ్చుకుని చదివాను. కాలేజీ మెట్లు ఎక్కని నేను, ls -l అని కొడితే తెరమీద వచ్చే అక్షరాలను ఒక్కొక్కటీ విడమరిచి చెప్పగలిగేవాణ్ణి. ఫైలు యజమానికి మూడు అనుమతులు, అతని గుంపుకు మూడు, మిగతా లోకానికి మూడు: చదవడం, రాయడం, నడిపించడం.

చిన్ననాటి దోస్తుకు హైవే పక్కన జిరాక్స్ షాపు ఉంది. అతని పాత కంప్యూటర్‌లో లినక్స్ ఎక్కించింది నేనే. బాపు మాటలు దాచుకున్నదీ అందులోనే. బాపు, మా నాన్న, గొర్ల కాపరి. మర్రిగూడ దాకా ఏ ఇంటివాళ్లు తమదని గుర్తుకు గొర్రె చెవిని ఎలా కోస్తారో ఆయనకు నోటికి వచ్చు. కుడిచెవి కొస తీస్తే ఒక ఇల్లు, ఎడమచెవికి రెండు గాట్లు పెడితే ఇంకో ఇల్లు. అదంతా ఫోన్‌లో రికార్డు చేసి, కంప్యూటర్‌లోకి మార్చి, ఫోన్‌లో జాగా లేక తుడిచేశాను. మరుసటి వానాకాలం బాపు పోయాడు.

"నువ్వు లేనప్పుడు ప్రింటర్ ఆగితె పాస్‌వర్డ్ అడుగుతాంది. షాపు నాది, తాళం నీ తాన. గిదేం దోస్తానా?" అన్నాడు ఒకసారి దోస్తు.

కంప్యూటర్‌లో దేన్నైనా మార్చగలిగే రూట్ పాస్‌వర్డ్ చెప్పేశాను. ఎవరికీ చెప్పవద్దని పుస్తకంలో ఉంది. రాసినాయనకు నా దోస్తులాంటి దోస్తు లేడేమో అనుకున్నాను. మందను పొరుగోనితో తోలొచ్చు గాని చెవి కోసే కత్తి మాత్రం ఇయ్యొద్దని బాపు అనేవాడు. అదీ గుర్తు రాలేదు.

ఒకరోజు బాపు మాటలున్న ఫోల్డర్ తెరవబోతే అనుమతి లేదంది. ls -l కొట్టాను. నా పేరుండాల్సిన చోట దోస్తు పేరుంది. మిగతా లోకానికి మిగిలింది ఏ అనుమతీ లేదనే మూడు గీతలు. యజమానిని మార్చే chown, అనుమతులు మార్చే chmod, రెండూ ఆ షాపులోని స్టూలు మీద కూర్చుని అతనికి నేనే నేర్పాను. రూట్ పాస్‌వర్డ్ కొట్టి చూశాను, అదీ మార్చేశాడు.

"గిదేంది రా?"

"చెవిగుర్తుల మీద పుస్తకం రాసేటోళ్లు పట్నం నుంచి వచ్చిండ్రు. నేనే జమ చేసిన అని చెప్పిన."

"మా బాపు గొంతు రా అది."

"కంప్యూటర్ నాది గదా. ఫైలుకు ఓనర్ ఒక్కడే ఉంటడని నువ్వే చెప్తివి." నా ముఖం చూసి స్టూలు ఇటు జరిపాడు. "వినాల్నంటె కూసో, పెడ్త. నేనేమన్న వద్దన్ననా?"

కూర్చున్నాను. మౌస్ అతని చేతిలో ఉంది. ముందు గొర్ల మెడగంటలు, తర్వాత బాపు దగ్గు. "చెప్పుమంటవా బిడ్డా? రికార్డు అయితాందా?"

మొదటి చెవి దాకా రానేలేదు. ఎవరో ఆధార్ జిరాక్స్ కోసం వచ్చారు.

"గిరాకొచ్చింది, రేపు రా" అని ఆపేశాడు.