రెండు పేర్ల దేవదానం గారి కోసం

ఉదయం ఆరింటికి సికింద్రాబాదులో బండెక్కాను. చేతిసంచిలో ఒక జత బట్టలు, ఒక కాగితాల కట్ట. ఆ కట్ట కోసమే ఈ ప్రయాణం. లేకపోతే ఆగస్టు ఉక్కలో బెజవాడ వెళ్ళే సరదా నాకేమీ లేదు.

నేనొక ఖగోళ పరిశోధన కేంద్రంలో లైబ్రేరియన్ని. నాలుగేళ్ళ క్రితం మా దగ్గర పనిచేసే మేకల దేవదానం గారికి రీడరు పదవి ఇవ్వాలా వద్దా అని కమిటీ కూర్చుంది. ఆకాశంలోని వాయుమేఘాలు తమ బరువుకు తామే కుంగి, ముక్కలై, నక్షత్రాలుగా ఎలా మారతాయో లెక్కగట్టడం ఆయన పని. ఆయన వ్యాసాలను ప్రపంచంలో ఎవరెవరు తమ వ్యాసాల్లో పేర్కొన్నారో లెక్కతీసి ఇమ్మని నాకు పురమాయించారు. లావుపాటి సూచిక సంపుటాలు ముందేసుకుని, భూతద్దంతో ‘దేవదానం’ కింద వెతికి, ఏడు అని రాసిచ్చాను. పదవి ఇంకొకరికి పోయింది. ఆయన రాజీనామా ఇచ్చి సొంతూరు వెళ్ళిపోయారు.

మొన్న జూలైలో వేరే పని మీద అవే సంపుటాలు తిరగేస్తుంటే ‘మేకల’ దగ్గర నా కన్ను ఆగింది. ఇంటిపేరు చివర రాయాలని విదేశీ పత్రికలవాళ్ళు పట్టుబడితే ఆయన అలాగే రాశారట. సూచికలో చివరి పేరునే పట్టుకుంటారు గనక ఆయన మంచి వ్యాసాలన్నీ ‘మేకల’ కిందికి చేరాయి. వాటిని పేర్కొన్నవాళ్ళు అరవైమంది పైనే! కమిటీలోవాళ్ళంతా ఉత్తరాదివాళ్ళు, వాళ్ళకేం తెలుసు? నేను తెలుగువాణ్ణి కదా. మన ఇంటిపేరు ముందుంటుందని, బయటికి పోతే వెనక్కి జరుగుతుందని తెలియనివాణ్ణా? నా బుద్ధి గడ్డి తిన్నది. డైరెక్టరు దగ్గరికెళ్ళి ఒప్పుకున్నాను. ఆయన చెడామడా తిట్టి, చివరికి, “నెలాఖరులోగా దేవదానం సంతకంతో దరఖాస్తు తెస్తే మళ్ళీ చూస్తాం” అన్నారు.

బెజవాడలో దిగేసరికి ఒంటిగంట దాటింది. స్టేషను ఎదురుగా హోటల్లో భోజనానికి కూర్చున్నాను. గోంగూర పచ్చడి బాగుంది గాని సగంలోనే లేచాను. దేవదానం గారి ఊరు కూచిపూడి పక్కనే; రెండింటికి ఆ మీదుగా పోయే బస్సు దొరికింది. ఉయ్యూరు దాటాక రోడ్డు పక్కనే కాలవ, అవతల చేలల్లో నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు.

పక్క సీట్లో రైతొకాయన, “ఎవరింటికండీ?” అన్నాడు. చెప్పాను.

“లెక్కల మేష్టారింటికా! మా అమ్మాయికి ఆయనే చెప్తన్నారండీ. బంగారంలాంటి మనిషి. పాపం, హైదరాబాదులో ఏదో పరీక్షలాంటిది పెడితే నెగ్గలేదంటగా?”

నాకు తల కొట్టేసినట్టయింది. “ఆయన తప్పేం లేదండీ, నాదే” అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

నాలుగున్నరకు కూచిపూడిలో దిగి, రిక్షాలో రెండు మైళ్ళు వెళ్ళాను. చర్చి వెనక పెంకుటిల్లు. దేవదానం గారు అరుగు మీద పిల్లల పేపర్లు దిద్దుకుంటున్నారు.

“మూర్తిగారూ! మీరేంటండీ ఇలా? రండి, రండి. సువార్తా, మా పాత ఆఫీసు నుంచి వచ్చారు, కాఫీ పెట్టు!”

కూర్చోకుండానే అంతా చెప్పేశాను. ఆయనకు కోపం రాలేదు. వస్తే బాగుండేది. కట్ట తీసుకుని, పేర్కొన్నవాళ్ళ జాబితా మీద వేలు పెట్టుకుంటూ చదివారు. “ఈయన నా సమీకరణం వాడాడా! ఓహో... ఈయన చూడండి, నా తప్పు పట్టుకున్నాడు. తప్పేనండోయ్!” అని పకపకా నవ్వారు. మనిషి పదేళ్ళు వెనక్కి వెళ్ళిపోయాడు.

జాబితా కింద ఈ ఏడాది వచ్చిన వ్యాసం ఒకటి పెట్టాను. అది తీశారు. రెండు పేజీలు చదివి, మళ్ళీ మొదటికి వచ్చారు. చివరికి కళ్ళద్దాలు తీసేశారు.

“అర్థం కావట్లేదండీ. నా మాటతోనే మొదలెట్టి ఎక్కడికో వెళ్ళిపోయారు. రేడియో దుర్భిణులతో మేఘాల లోపలికే చూస్తన్నారు. నేను నాలుగేళ్ళుగా ఒక్క పత్రికన్నా ముట్టుకోలేదు.”

కాఫీ తెచ్చిన ఆయన భార్య సువార్తమ్మగారు గుమ్మంలోనే ఆగిపోయారు. “అంటే ఈయన చేసిన పని మంచిదేనాండీ? పనికిరాని లెక్కల మీద వయసంతా పోగొట్టుకున్నానని రోజూ కుమిలిపోతారు.”

“చాలా మంచిదమ్మా” అన్నాను.

దరఖాస్తు తీసి సంతకం పెట్టమని బతిమాలాను. పోయిందంతా ఏడాదిలో చదివేసుకోవచ్చన్నాను. ఆయన దాన్ని నీటుగా మడిచి నా చేతిలో పెట్టారు.

“ఇప్పుడొచ్చి ఆ కుర్చీలో కూర్చుని ఏం చెయ్యనండీ? ఇక్కడ పదో తరగతి పిల్లలున్నారు. ఈ జాబితా మాత్రం ఉంచుకుంటాను.”

ఆ రాత్రి వాళ్ళింట్లోనే పడుకుని, పొద్దున ఏడింటి బస్సెక్కాను. ఆయన రోడ్డు దాకా వచ్చి సాగనంపారు. బెజవాడలో తిరుగుబండి పదిన్నరకు దొరికింది.

ఆ వైపు వెళ్ళేవాళ్ళుంటే చెబుతున్నాను, ప్రయాణం తేలికే, దారి పొడుగునా పచ్చదనమే. నేను మాత్రం కిటికీ లోంచి ఏమీ చూడలేదు. మా కేంద్రంలో ఆయన గది నా లైబ్రరీకి ఎదురుగుండానే ఉండేది. ఆ రోజు లేచి, తలుపు తట్టి, “మీ పేరు ఎలా రాస్తారండీ?” అని అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు.